నేయి, నూనె, వనస్పతి

తెలుగువారి వంటయింట నూనెకు గల స్థానమును గూర్చి గృహిణులకు వేరుగ చెప్ప నక్కరలేదు. పోపు లేనిదే పప్పునకు రుచి రాదు. నూనె లేనిదే ఆవకాయ నిలువదు. నేయి వడ్డింపనిదే విస్తరి ముందు కూర్చున్నవారు ముద్ద కలుపరు. అయినను నేడు కొందరి యిండ్లలో క్రొవ్వు అను మాట చెవిని పడినంతనే భయపడి నేతిగిన్నెను దాచివేయుచున్నారు. మరికొందరి యిండ్లలో పండుగనాడు కాచిన నూనె వ్యర్థమగునను విచారముతో దానినే మరల మరల మరగించి వాడుచున్నారు. ఈ రెండు పద్ధతులును మంచివి కావు. క్రొవ్వు మనకు శత్రువు కాదు. ఏది వాడవలెను, ఎంత వాడవలెను, ఎట్లు వాడవలెను అను మూడు సంగతులు తెలిసినవారికి అది మేలే చేయును. తెలియనివారికి కీడు చేయును.

మొదట క్రొవ్వువలన కలుగు ఉపయోగమును చూతము. బియ్యము, పప్పు మొదలగు వానిలోని పిండిపదార్థము గాని, మాంసకృత్తులు గాని గ్రామునకు 4 కెలోరీల శక్తి నొసగగా, క్రొవ్వు 9 కెలోరీల శక్తి నొసగును. ఎ, డి, ఇ, కె అను విటమినులు క్రొవ్వులోనే కరగును. కావున తోటకూరను, కారెట్టును బొత్తిగా నూనె లేక వండి తినినచో వానియందలి సారము మన యొంటికి సరిగా పట్టదు. ఇదియు గాక, కొన్ని క్రొవ్వు ఆమ్లములను మన దేహము తనంత తాను తయారు చేసికొనజాలదు, ఆహారమునుండియే పొందవలెను. ఈ సంగతిని 1929లో అమెరికాలో జార్జి బర్, మిల్డ్రెడ్ బర్ అను దంపతులు ఎలుకలకు క్రొవ్వు లేని ఆహారము పెట్టి కనుగొనిరి. రెండేండ్లలోపు శిశువులకును, గర్భిణులకును, బాలింతలకును నేయి నూనెలను బొత్తిగా మాన్పించుట ఎంతమాత్రమును తగదు.

ఏది వాడవలెను?

నేయి చలికి గడ్డకట్టును. కొబ్బరినూనె శీతకాలమున సీసాలో పేరుకొనును. నువ్వులనూనె మాత్రము అట్లు గట్టిపడదు. దీనికి కారణ మేమి? ప్రతి క్రొవ్వునందును సన్నని పుల్లలవంటి ఆమ్లము లుండును. ఆ పుల్లలు తిన్నగా ఉన్నచో కట్టెలమోపువలె ఒకదానిప్రక్క నొకటి దగ్గరగా పేరుకొని గట్టిపడును. వీనికే సంతృప్త క్రొవ్వులని పేరు. పుల్లలలో అక్కడక్కడ వంకరలున్నచో అవి దగ్గరకు చేరలేవు. కావున ద్రవముగా నుండును. ఇవి అసంతృప్త క్రొవ్వులు.

సంతృప్త క్రొవ్వు మితిమీరినచో రక్తములో చెడ్డ కొలెస్టరాలు హెచ్చి, కాలక్రమమున గుండెకు రక్తము చేర్చు నాళములు పూడిపోవును. దానికి బదులు అసంతృప్త క్రొవ్వు వాడిన ఆ కొలెస్టరాలు తగ్గును. కొబ్బరినూనెలో దాదాపు నూటికి 90 వంతులు సంతృప్త క్రొవ్వే. నేతిలో 60 వంతులకు పైగా, పామాయిలులో సుమారు సగము ఉండును. వేరుసెనగ నూనెలోను, తవుడునూనెలోను సుమారు అయిదవవంతు, నువ్వులనూనెలో ఇంచుమించు ఏడవవంతు మాత్రమే ఉండును. దీనినిబట్టి మన తాతముత్తాతలు గానుగ ఆడించి వాడిన నువ్వులనూనె, రాయలసీమలో విస్తారముగ పండు వేరుసెనగనుండి తీయు నూనె నిత్యపు వంటకు తగినవేయని తెలియుచున్నది. తైలమను మాట తిల అను మాటనుండియే పుట్టినది, తిలలనగా నువ్వులే. నేయి వేడియన్నములో ఒక చెంచాడు వేసికొనుటవలన భయము లేదు గాని, పిండివంటలన్నియు నేతిలోనే వేయింపవలెనను పట్టుదల మంచిది కాదు.

ఒకే నూనెను ఏడాది పొడుగునను వాడుటకంటె మార్చి మార్చి వాడుట మేలు. ఒక్కొక్క నూనెలో ఒక్కొక్క ఆమ్లము హెచ్చుగ ఉండును. ఆవనూనె, సోయానూనె, అవిసెగింజలు, అక్రోటు కాయలు, చేపలు అనువానిలో ఓమేగా-3 అను క్రొవ్వు లభించును. మన వాడుక నూనెలలో ఇది మిక్కిలి స్వల్పము. కావున అవిసెలను వేయించి కారప్పొడిగ దంచి అన్నములో కలిపికొనుట చౌకయైన ఉపాయము.

నూనె డబ్బాలపై “కొలెస్టరాలు లేదు” అని పెద్ద అక్షరములతో ముద్రించుట చూచియే ఉందురు. కొలెస్టరాలు జంతుసంబంధమైన పదార్థములలో ఉండునది. చెట్ల గింజలనుండి తీసిన ఏ నూనెలోను అది చెప్పుకొనదగినంతగా ఉండదు. కావున ఆ మాట చూచి హెచ్చు వెల పెట్ట నక్కరలేదు.

వనస్పతి కథ

విల్హెల్మ్ నార్మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ద్రవముగా ఉన్న నూనెలోనికి నికెలు లోహపు సహాయమున ఉదజని వాయువును పంపి గట్టిపరచు విధానమునకు 1902లో హక్కుపత్రము పొందెను. ఆ విధానముతో 1911లో అమెరికాలో క్రిస్కో అను వంటక్రొవ్వు బజారునకు వచ్చెను. మన దేశమున 1937లో డాల్డా వచ్చెను. నేతివలె పూసకట్టి, నేతికంటె చౌకగా దొరకుటచే అది యింటింటను ప్రవేశించెను. ఏ వనస్పతినైనను జనులు డాల్డాయనియే పిలుచునంతగా ఆ పేరు వాడుకలోనికి వచ్చినది.

దీనిని నేతిలో కల్తీ చేయు వర్తకులను పట్టుటకై ప్రభుత్వము ఒక చక్కని యుక్తి పన్నినది. వనస్పతిలో నూటికి 5 వంతులైనను నువ్వులనూనె కలుపవలెనని చట్టము చేసినది. నువ్వులనూనె ఉన్న పదార్థమును కొన్ని రసాయనములతో పరీక్షించినచో ఎఱ్ఱరంగు పుట్టును. నేయి ఎఱ్ఱనైనచో కల్తీ బయటపడును!

అసలు కీడు మాత్రము అప్పటికి ఎవరికిని తెలియదు. నూనెను సగము గట్టిపరచి విడిచినప్పుడు అందలి వంకర పుల్లలు కొన్ని తమ వంకరను కోల్పోయి తిన్ననగును. వీనికే ట్రాన్స్ క్రొవ్వులని పేరు. 1990లో నెదర్లాండ్సు దేశమున మెన్సింక్, కాటన్ అను పరిశోధకులు జరిపిన పరీక్షలో ఇవి చెడ్డ కొలెస్టరాలును హెచ్చించుటయే గాక, మంచి కొలెస్టరాలును తగ్గించునని తేలెను. అనగా సంతృప్త క్రొవ్వుకంటెను ఇవి హెచ్చు హానికరములు. వీనివలన ఏటా 5 లక్షలకు పైగా జనులు గుండెజబ్బుతో మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో అంచనా వేసెను. డెన్మార్కు దేశము 2003లోనే దీనిపై చట్టముతో కట్టడి చేసెను. మన దేశమున నూనెలు, క్రొవ్వులలో ట్రాన్స్ క్రొవ్వు 2021లో నూటికి 3 వంతులకును, 2022 జనవరినుండి 2 వంతులకును మించరాదని నియమ మేర్పడినది.

నియమ మున్నను మన జాగ్రత్త మనకు వలయును. వనస్పతిలో ట్రాన్స్ క్రొవ్వు తగ్గినను, దానిని గట్టిగ నుంచునది సంతృప్త క్రొవ్వే. పొరలు పొరలుగా విడిపోవు పఫ్ఫులు, కరకరలాడు బిస్కత్తులు, చౌకరకపు మిఠాయిలు అనువానిలో ఇట్టి క్రొవ్వు ఉండవచ్చును. పొట్లముపై హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని యున్నచో అది వనస్పతి జాతిదేయని గ్రహింపవలెను. పిల్లలకు సాయంకాలపు చిరుతిండిగా ఆ పొట్లములకు బదులు వేయించిన వేరుసెనగపప్పు, నువ్వుండలు పెట్టుట మేలు.

ఎంత వాడవలెను?

భారత వైద్య పరిశోధన మండలి 2010లో ఇచ్చిన లెక్కనుబట్టి, హెచ్చు శ్రమలేని పురుషునకు దినమునకు 25 గ్రాములు, స్త్రీకి 20 గ్రాములు నేయి నూనెలు కలిపి చాలును. గర్భిణికి, బాలింతకు 30 గ్రాములు వలయును. మనిషికి 25 గ్రాములని పెట్టుకొనినను నలుగురున్న యింటికి దినమునకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు అగును. లీటరు నూనె కిలోకంటె కొంచెము తక్కువ తూగును గావున ఇది ఇంచుమించు మూడుంబావు లీటర్లు. ఇందులోనే నేయియు, వెన్నయు చేరియున్నవని మరువరాదు. సోదరీమణులు తమ యింటికి నెలకు వచ్చు నూనెను ఒక్కసారి ఈ లెక్కతో పోల్చి చూచుకొనుట మంచిది. పాలు, కొబ్బరి, పప్పుగింజలు, మాంసము మొదలగువానిలో కంటికి కనబడని క్రొవ్వు వేరుగ ఉన్నది.

నూనెను డబ్బానుండి నేరుగ వంపక చెంచాతో కొలిచి పోసినచో సగము దుబారా తనంత తానే తగ్గును.

ఎట్లు వాడవలెను?

మంచినూనె కూడ మితిమీరి కాగినచో చెడును. పొగ వచ్చువరకు కాచి, చల్లార్చి, మరునాడు మరల కాచినచో అందు హానికరమైన పదార్థములు పెరుగును. నూనె నల్లబడుట, చిక్కబడుట, నురుగు కట్టుట, ఘాటైన వాసన వచ్చుట దీనికి గుర్తులు. ఇట్టి పదార్థములు నూటికి 25 వంతులు మించిన నూనెను వంటకు వాడరాదని 2018 జూలైనుండి మన దేశమున నియమ మున్నది. పాతనూనెలో క్రొత్తనూనె కలుపుటవలన పాతది బాగుపడదు. క్రొత్తది త్వరగా చెడును.

నూనె పారబోయుట తగదని పెద్దలందురు. అందులో న్యాయము లేకపోలేదు. కష్టార్జితమును నేలపాలు చేయుటకు ఏ యిల్లాలికిని మనసొప్పదు. అయితే నూనెను మిగుల్చుకొని మరల మరల మరగించుటకంటె, మిగులకుండ చూచుకొనుటయే నిజమైన పొదుపు. సంక్రాంతికి జంతికలు, గారెలు చేయునప్పుడు వెడల్పైన పెద్దమూకుడునకు బదులు లోతుగల చిన్నమూకుడు పెట్టి కొలదినూనె పోయవలెను. పొగ రాకముందే మంట తగ్గింపవలెను. అరిసెలను చెక్కలతో నొక్కి నూనె కార్చు పూర్వాచారమును విడువరాదు. మిగిలిన నూనెను వడగట్టి, ఒకటి రెండు దినములలో పోపులకును కూరలకును వాడివేయవలెను గాని, మరల వేపుడునకు పెట్టరాదు. నల్లబడినదానిని మాత్రము విచారింపక పారవేయవలెను. తూములో పోసిన అది గడ్డకట్టి దారి మూయును గనుక, పాతకాగితములకు పీల్పించి చెత్తలో వేయుట మంచిది.

ఇంకొక మాట. మిగిలిన పిండివంటలను, మాడిన అడుగు వేపుళ్లను పారవేయలేక తాను తినివేయు అలవాటు మన యిల్లాండ్రకు కలదు. ఏబదియేండ్లు సమీపించి నెలసరి నిలిచిన పిమ్మట స్త్రీలకును గుండెజబ్బు భయము హెచ్చును. భర్తకును బిడ్డలకును మంచినూనె కొలిచి పోయు గృహిణి, ఆ కొలతనే తన విస్తరికిని పాటింపవలెను.