పాత పాటను కడుగుట ఎట్లు?

కర్నూలు, కడప సీమల కళ్ళాలలో జొన్నలు తూర్పారబట్టుట మనమందరము ఎరిగినదే. గాలి పొట్టును ఎగురగొట్టును. గింజ నేలకు రాలును. గాలి ఉద్ధృతమైనచో తేలిక గింజలు కూడ పొట్టుతో పోవును. పాత పాటల ధ్వనిని శుభ్రపరచువారి చిక్కు సరిగా ఇదే.

1957లో విడుదలయిన ‘మాయాబజార్’ను ఉదాహరణగా తీసికొందము. నిర్మాతలలో ఒకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవారు. ఆ నలుపు తెలుపు చిత్రము 2010 జనవరిలో రంగులతోను, సంస్కరించిన ధ్వనితోను మరల విడుదలయినది.

ఆనాటి ఫిలిములో బొమ్మల ప్రక్కన సన్నని ధ్వనిపట్టీ ఉండెడిది. దీపకాంతి దాని గుండా పోయి కాంతివిద్యుత్ ఘటముపై పడును. పట్టీలోని వెలుగునీడల మార్పులు విద్యుత్తుగాను, పిదప లౌడ్‌స్పీకరులో ధ్వనిగాను మారును. పట్టీపై గీత పడినను, దుమ్ము చేరినను కాంతి చలించును. గీతకు, గాత్రమునకు గల భేదము యంత్రమునకు తెలియదు. అందుచేతనే పాట నడుమ ‘టప్’మను చప్పుడు.

దీనిని పోగొట్టుటకు ముందుగా ధ్వనిని సెకండుకు 48,000 మార్లు కొలిచి అంకెలుగా వ్రాయుదురు. ‘టప్’ చప్పుడు రెప్పపాటుకంటె తక్కువ కాలము నిలుచును. ఆ అంకెలను తీసివేసి, ఇరుప్రక్కల అంకెలనుబట్టి ఖాళీని పూరింతురు. ‘స్‌’మను సొద కథ వేరు. అది పాట అంతట వ్యాపించి ఉండును. పాట ఆరంభమునకు ముందున్న నిశ్శబ్దములో ఆ సొద స్వభావమును కొలిచి, పాటనుండి తగ్గింతురు. అతిగా తగ్గించినచో ‘స’, ‘శ’ అక్షరములు మొద్దుబారును. గొంతు నీటిలోనుండి వచ్చినట్లుండును. గింజ పోయినదన్నమాట!

ఆనాటి యంత్రము పట్టని సూక్ష్మస్వరములను ఏ గణకయంత్రమును తిరిగి తేజాలదు. చేర్చినది కొత్తదే అగును. ఉన్నదానిని వేరుచేయుట మాత్రము నేడు సాధ్యము. 1970లలో జాన్ లెనన్ పియానోతో కలిపి పాడిన కాసెట్టునుండి ఆయన గొంతును వేరుచేసి, 2023లో బీటిల్స్ బృందము కొత్త పాటగా వెలువరించినది.

కనుక కడిగిన ప్రతి వచ్చినను పాత ప్రతిని పారవేయరాదు. రేపు ఇంతకంటె మేలైన పద్ధతి వచ్చినచో దానికి ఆధారము అదియే. పైగా నిమిషమునకు 78 చుట్లు తిరిగెడి రికార్డు ఒక ప్రక్కన మూడు నాలుగు నిమిషములే పట్టును. సినిమాలోని పాట అందులో కుదించి ఉండవచ్చును. రెండును దాచదగినవే.

మీ ఇంటి అటకపై అట్టి రికార్డు ఉన్నచో పొడి మెత్తని గుడ్డతో తుడువుడు. స్పిరిటు తగులనీయరాదు; రికార్డులోని లక్క అందులో కరగును. మన సీమ ఎండలో వదలినచో వంగిపోవును. నీడలో నిలువుగా ఉంచుడు.