దారి ఖాళీగా ఉన్నా నలభై ఎందుకు?

బ్రిటన్ మోటార్‌వేల మీద మామూలు వేగపరిమితి గంటకు 70 మైళ్లు, అంటే దాదాపు 112 కిలోమీటర్లు. లండన్ చుట్టూ ఉన్న ఎం25 మీద మాత్రం అది రద్దీని బట్టి మారుతుంది. రోడ్డుకు అడ్డంగా కట్టిన ఇనుప చట్రాల మీద, ఎర్రటి వలయంలో 60, 50, ఒక్కోసారి 40 అని వెలుగుతుంది. ఎర్ర వలయం కనిపిస్తే ఆ అంకెను పాటించి తీరాలి. పాటించనివారిని చట్రం మీది కెమెరాలు పట్టేస్తాయి. సాధారణంగా 100 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 3 పాయింట్లు పడతాయి. ఎం25 నైరుతి భాగంలో 1995లో మొదలైన ఈ పద్ధతి మీద డ్రైవర్లకు చిరాకు ఎక్కువ. ఎదుట దారి ఖాళీగా ఉంటే 40లో ఎందుకు పోవాలని వారి ప్రశ్న.

దీనికి జవాబు జపాన్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో దొరుకుతుంది. 230 మీటర్ల గుండ్రటి దారిలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. సిగ్నల్ లేదు, ప్రమాదం లేదు, ఇరుకు లేదు. అయినా ఒకరు కాస్త నెమ్మదిస్తే వెనకవాళ్లు ఇంకాస్త ఎక్కువ తగ్గించారు. కాసేపటికి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ముందున్నవి కదిలేసరికి వెనకవి ఆగాయి. అలా ఆ జామ్ అలలాగా వెనక్కి పాకింది. రద్దీగా ఉన్న మోటార్‌వే మీద జరిగేదీ ఇదే. రోడ్డులో పాతిన వైరు చుట్టలు వాహనాల సంఖ్యనూ వేగాన్నీ కొలుస్తుంటాయి కాబట్టి, మన కంటికి ఇంకా కనిపించని జామ్ వాటికి ముందే తెలుస్తుంది. 40 అంకె ఆ జామ్‌కు చేరే వాహనాల జోరు తగ్గించడానికే. అయితే నలుగురు పాటించి ఒకరు 70లో లేన్లు మారుస్తూ దూసుకుపోతే, అతని వెనక పడే బ్రేకులే కొత్త జామ్‌కు మూలమవుతాయి. కెమెరా అవసరం అక్కడే.

ఇదంతా డబ్బు గుంజడానికేనన్న ఆరోపణ ఉంది. కానీ జరిమానా సొమ్ము పోలీసులకు కాక ప్రభుత్వ ఖజానాకు పోతుంది. అంతకంటే బరువైన అభ్యంతరం యంత్రం తప్పు చేయడం. కెమెరాకూ అంకె వెలిగే తెరకూ మధ్య కొన్ని సెకన్ల తేడా రావడంతో, 2021 నుంచి రెండు వేలకు పైగా సందర్భాల్లో కెమెరాలు పొరపాటున స్పందించాయని మోటార్‌వేలను నిర్వహించే సంస్థ 2025 డిసెంబర్‌లో ఒప్పుకుంది. మొత్తం వాహనాల్లో ఇది అతి స్వల్పమే, కానీ తప్పు చేయనివాడి లైసెన్సు మీద పాయింట్లు పడితే అతనికి అది స్వల్పం కాదు. స్థిరమైన పరిమితి ఉన్నచోట బోర్డు చూపించి వాదించవచ్చు. మారే పరిమితిలో ఆ క్షణాన తెర మీద ఏ అంకె ఉందో డ్రైవర్ నిరూపించలేడు. అందుకే ఫొటోతో పాటు, తెర మీద అంకె ఎప్పుడు మారిందో తెలిపే రికార్డును కూడా ప్రతి నోటీసుతో, ఎవరూ అడగకుండానే, పంపాలి.