కెర్నల్ అప్‌డేట్ తర్వాత స్క్రీన్ 1024×768కి పడిపోయిందా? మానిటర్ మార్చేముందు ఇవి చూడండి

సోమవారం పొద్దున్నే క్లయింట్‌కి డెమో. ఆదివారం రాత్రి కొత్తవలసలో ఇంట్లో కూర్చుని లినక్స్ పీసీలో పెండింగ్ అప్‌డేట్లన్నీ వేసేశాను. రీస్టార్ట్ చేస్తే 1920×1080 మానిటర్ మీద అక్షరాలన్నీ సాగిపోయి కనిపించాయి. సెట్టింగ్స్‌లో ఒకే ఒక్క రిజల్యూషన్: 1024×768.

"ఏటైందన్నయ్యా, మానిటర్ పోయిందేటి?" అన్నాడు తమ్ముడు. అప్పటికే ఫోన్‌లో కొత్త మానిటర్ల రేట్లు చూస్తున్నాడు.

మానిటర్ పోలేదు. కేబుల్ కూడా బాగానే ఉంది. ఆ సంగతి తేల్చుకోడానికి రెండు నిమిషాలు చాలు. బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్‌తో బూట్ చేయండి. నాకు ఫుల్ హెచ్‌డీ వెంటనే వచ్చేసింది. అంటే హార్డ్‌వేర్ సేఫ్, తేడా కొత్త కెర్నల్ దగ్గరే. డెమోకి ఢోకా లేదు కాబట్టి, స్థిమితంగా అసలు కారణం వెతికాను.

నెట్‌లో చాలామంది ఎక్స్‌ర్యాండర్ కమాండ్‌తో కొత్త మోడ్ కలపమంటారు. అసలు డ్రైవరే లోడ్ కానప్పుడు అది పనిచేయదు. గ్రాఫిక్స్ డ్రైవర్ లేకపోతే సిస్టమ్, బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ ఇచ్చిన సాదా డిస్‌ప్లేతోనే నెట్టుకొస్తుంది. దానికి రిజల్యూషన్ మార్చే శక్తి ఉండదు.

విడిగా వేసుకునే డ్రైవర్ మాడ్యూల్‌ని ప్రతి కొత్త కెర్నల్‌కీ మళ్లీ బిల్డ్ చేయాలి. ఆ పని డీకేఎంఎస్ చూసుకుంటుంది, కానీ దానికి ఆ కెర్నల్ హెడర్స్ కావాలి. కొత్త కెర్నల్‌లోకి వెళ్లి 'డీకేఎంఎస్ స్టేటస్' కొడితే నా డ్రైవర్ పక్కన పాత కెర్నల్ నంబరే ఉంది. హెడర్స్ ప్యాకేజీ పెట్టుకోనిది నేనే! 'యూనేమ్ -ఆర్' చూపించిన నంబర్‌కి సరిపోయే హెడర్స్ వేసి, 'సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్' కొట్టి రీస్టార్ట్ చేశాను. సెట్ అయిపోయింది.

మీకు అప్పటికీ రాకపోతే ఈ మూడూ చూడండి:

1. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నల్ రానివ్వదు. 'డీమెసేజ్'లో ఆ ఎర్రర్ కనిపిస్తుంది.
2. ఎప్పుడో గ్రబ్‌లో పెట్టిన 'నోమోడ్‌సెట్' అలాగే ఉండిపోయిందేమో చూసి తీసేయండి.
3. బిల్డ్ మధ్యలో ఫెయిలైతే, ఆ డ్రైవర్ వెర్షన్ కొత్త కెర్నల్‌కి పాతదై ఉండొచ్చు. కొత్త వెర్షన్ వేయండి.

కొత్త కెర్నల్ నాలుగు రోజులు సరిగ్గా నడిచేదాకా పాతదాన్ని తీసేయకండి. ఆ రాత్రి నన్ను కాపాడింది అదే. అన్నట్టు, డెమో ముందురోజు మాత్రం అప్‌డేట్ జోలికి పోకండి!