పసరు పనిచేస్తుందా?

ఆటల్లో మోకాలు గీరుకుపోతే మీరేం చేస్తారు? మా ఊరి పిల్లలైతే గట్టు మీదికి పరుగెత్తి, నాలుగు గడ్డిచామంతి ఆకులు కోసి, అరచేతిలో నలిపి, ఆ పసరు గాయం మీద పిండుతారు. దీన్నే కొందరు నల్లాలం అంటారు. చిన్నప్పుడు నేనూ ఆ పని చేసినవాణ్ణే. ఈ మొక్క అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చి మన పొలంగట్ల మీద స్థిరపడింది. శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్.

ఒకసారి తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు, కాలిలో తుప్పు మేకు దిగితే కుంటుకుంటూ బడికి వచ్చాడు. సూది వేయించుకున్నావా అని అడిగాను. "పసరు పిండాను గదా మాస్టారూ!" అన్నాడు. వాడి మాటలో నిజమెంతో చూద్దాం.

పళ్ళెంలో పరీక్ష

ఆకులను నీడన ఆరబెట్టి, పొడిచేసి, నీటిలోనో ఆల్కహాలులోనో నానబెట్టి వడకడతారు. అదే సారం. నీటిలో కరిగే పదార్థాలు వేరు, ఆల్కహాలులో కరిగేవి వేరు. కనుక ఒకే ఆకు రెండు రకాల సారాలనిస్తుంది.

పెట్రీ పళ్ళెంలో గడ్డకట్టిన అగార్ మీద బాక్టీరియాను పూస్తారు. సారంలో ముంచి ఆరబెట్టిన చిన్న కాగితపు బిళ్ళను దానిమీద ఉంచి, 37 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనంలో ఒక రోజు వదిలేస్తారు. సారానికి శక్తి ఉంటే బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని వలయం కనిపిస్తుంది. దాని వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. పక్కనే వట్టి ఆల్కహాలులో ముంచి ఆరబెట్టిన బిళ్ళ కూడా ఉంచుతారు. ఎందుకో ఊహించారా? బాక్టీరియాను ఆపింది ఆల్కహాలే అయితే ఆకు గొప్పేముంది!

చీము పట్టించే స్టాఫిలోకాకస్ ఆరియస్ మీద గడ్డిచామంతి, వేప, తులసి సారాలు ఇలాంటి వలయాలు చూపాయి. అయితే మా కుర్రవాడు చెప్పింది నిజమేనా?

ఆగండి. ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా సిద్ధబీజాల రూపంలో మట్టిలో ఉంటుంది. గాలి ఆడని లోతు గాయంలో అది మేలుకొని విషం తయారుచేస్తుంది. పైన పిండిన పసరు అంత లోతుకు చేరదు. పైగా ఆకుకంటిన మట్టి గాయంలోకి పోవచ్చు!

వంకాయ ముక్క చెప్పే సంగతి

మూలికలకు మరో గుణం ఉంది. ఒక వంకాయను రెండు ముక్కలు చేయండి. ఒకదానికి నిమ్మరసం రాయండి. రెండోదాన్ని ఊరికే వదిలేయండి. అరగంటలో ఊరికే ఉన్నది నల్లబడుతుంది. ఒక ఎంజైము సాయంతో గాలిలోని ఆక్సిజన్ చేసే పని అది. నిమ్మరసంలోని ఆమ్లం ఆ ఎంజైమును మందగింపజేస్తుంది. అందులోని సి విటమిను తానే ఆక్సీకరణం చెంది ముక్కను కాపాడుతుంది. ఇలాంటి పదార్థాలే యాంటీ ఆక్సిడెంట్లు. ఆకుల్లో ఫ్లావనాయిడ్లు ఈ పని చేస్తాయి. ప్రయోగశాలలో డి.పి.పి.హెచ్. అనే ఊదారంగు ద్రావణంలో సారం కలుపుతారు. ఊదా పోయి పసుపు రంగు వస్తే సారానికి ఈ గుణం ఉన్నట్టు.

మరి గాజు గొట్టంలో జరిగిందంతా ఒంట్లోనూ జరుగుతుందా? ఫిన్లండులో 29,000 మందికి పైగా పొగతాగే పురుషులపై ఒక పరిశీలన చేశారు. వారిలో కొందరికి బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంటు మాత్రలు ఏళ్ళ తరబడి ఇచ్చారు. ఊపిరితిత్తుల కాన్సరు తగ్గుతుందని ఆశ. 1994లో ఫలితం వచ్చింది. ఆ మాత్రలు వేసుకున్నవారిలో కాన్సరు 18 శాతం ఎక్కువ!

అందుకే పళ్ళెంలో నెగ్గిన సారం మందు అనిపించుకోవాలంటే ఇంకా ఎన్నో మెట్లు ఎక్కాలి. ఎంత మోతాదు? ఒంట్లో ఎక్కడికి చేరుతుంది? హాని చేస్తుందా? వీటికి మనుషుల మీద జాగ్రత్తగా జరిపిన పరీక్షలే జవాబు చెప్పాలి.

మా కుర్రవాడి కాలు సబ్బుతో, ధారగా పోసిన మంచినీళ్ళతో కడిగించి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళి ధనుర్వాతం టీకా వేయించాను. తిరిగి వస్తూ వాడడిగాడు: "మాస్టారూ, ఆ వలయం పరీక్ష మనమూ చేద్దామా?" బాక్టీరియాను బళ్ళో పెంచడం ప్రమాదం కనుక వంకాయతోనే మొదలుపెట్టాం. ఉసిరి రసం, చింతపండు పులుసు కూడా పోల్చి చూశాం. మీరూ చేయండి. ఏ ముక్క ఎన్ని నిమిషాలకు నల్లబడిందో నోటు పుస్తకంలో రాసుకోవడం మరవకండి.