‘ఇది నిజంగా జరిగిందా బేటా?’ సూపర్‌మ్యాన్, నకిలీ డాక్యుమెంటరీలు, మాలేగావ్ కథ

మొన్న మైలవరంలో మా ఇంట్లో పిల్లలు ‘సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్’ సినిమా పెట్టుకుని చూస్తున్నారు. నానీ కాసేపు చూసి, ‘ఇది నిజంగా జరిగిందా బేటా, వీళ్లు కల్పించిందా?’ అని అడిగింది. పిల్లలు ఒకడు నిజమన్నాడు, ఒకడు సినిమానే అన్నాడు. ఇద్దరూ కరెక్టే. కానీ ఆ ప్రశ్న చిన్నది కాదు. ఈ రోజుల్లో ఫోన్‌లో ఏ వీడియో వచ్చినా మనం ముందు అడగాల్సిన ప్రశ్న అదే. అందుకే దీన్ని కొంచెం వివరంగా చెప్పుకుందాం. దారిలో కామిక్స్, హాలీవుడ్, మన ఎన్టీఆర్ కూడా వస్తారు.

డాక్యుమెంటరీ అంటే అందరికీ తెలుసు. నిజం మనుషులు, నిజం సంఘటనలు, మధ్యలో ఎవరో ఒకరు కెమెరా ముందు కూర్చుని మాట్లాడతారు. దీన్నే నఖల్ చేసి నవ్వించే సినిమాని మాక్యుమెంటరీ అంటారు. చూడ్డానికి అచ్చం డాక్యుమెంటరీలాగే ఉంటుంది. కెమెరా వణుకుతుంది, మనుషులు తడబడుతూ ఇంటర్వ్యూ ఇస్తారు, పాత ఫోటోలు చూపిస్తారు. కానీ మనిషీ కల్పితం, కథా కల్పితం. 1984లో రాబ్ రైనర్ అనే డైరెక్టర్ లేని ఒక రాక్ బ్యాండ్ మీద ‘దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్’ తీస్తే, కొంతమంది ఆ బ్యాండ్ నిజంగానే ఉందనుకున్నారు. అంతకన్నా పాత ముచ్చట ఒకటుంది. 1957 ఏప్రిల్ 1న బీబీసీ వాళ్లు స్విట్జర్లాండ్‌లో చెట్లకి స్పగెట్టీ కాసిందని, ఆడవాళ్లు కోసి ఎండబెడుతున్నారని వార్తలాగా చూపించారు. స్పగెట్టీ అంటే మన సేమ్యాకి పెద్దన్న లాంటిది. మరి కొందరు ఫోన్ చేసి, ఆ చెట్టు మేం కూడా పెంచుకోవాలంటే ఎలా అని అడిగారట. మన దగ్గర పండక్కి షీర్ ఖుర్మా చెట్టు నుంచి కోసుకొచ్చాం అంటే ఎవరూ నమ్మరు. ఎందుకంటే సేమ్యా ఎలా చేస్తారో మనకి తెలుసు. వాళ్లకి అప్పట్లో స్పగెట్టీ కొత్త. తెలియని విషయం మీద అబద్ధం చెప్పడం తేలిక. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇక కామిక్స్ పిచ్చి మీద తీసిన మాక్యుమెంటరీ ఒకటుంది, పేరు ‘కామిక్ బుక్: ది మూవీ’. 2004 జనవరిలో థియేటర్లకి కాకుండా నేరుగా డీవీడీగా వచ్చింది. తీసింది, అందులో హీరోగా వేసింది మార్క్ హామిల్. ‘స్టార్ వార్స్’లో ల్యూక్ స్కైవాకర్ ఆయనే. కథ ఏమిటంటే, డాన్ స్వాన్ అనే స్కూల్ టీచర్‌కి పాత కామిక్స్ అంటే ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధం నాటి కమాండర్ కరేజ్ అనే హీరో మీద హాలీవుడ్ స్టూడియో ఒకటి సినిమా తీయబోతుంది. ఆ సినిమా కోసం ఒక డాక్యుమెంటరీ చేసే పని ఈయనకి అప్పగిస్తారు. ఈయన ఎగిరి గంతేస్తాడు. తీరా చూస్తే స్టూడియో వాళ్లు ఆ పాత హీరోని పూర్తిగా మార్చేసి, పెద్ద తుపాకీ పట్టుకుని టెర్రరిస్టుల్ని వేటాడేవాడిగా చేస్తున్నారు. డాన్ స్వాన్ గుండె పగిలిపోతుంది. నవ్వు అంతా అక్కడి నుంచే పుడుతుంది.

కమాండర్ కరేజ్ అనే హీరో అసలు లేడు. కానీ షూటింగ్ చేసింది 2002లో శాన్ డియాగోలో నిజంగా జరిగిన కామిక్ కాన్ ఉత్సవంలో. ఉర్సులో జనం మధ్యలోకి నలుగురు యాక్టర్లు వెళ్లి షూటింగ్ చేసుకొచ్చినట్టన్నమాట. చుట్టూ ఉన్న అభిమానులు నిజం, వేసుకున్న వేషాలు నిజం, స్టాన్ లీ లాంటి పెద్దవాళ్లు తమ పేరుతోనే కనిపిస్తారు. మధ్యలో ఉన్న ఒక్క హీరో మాత్రం అబద్ధం. గొప్ప సినిమా అని నేను అనను, మధ్యలో సాగుతుంది. కానీ అందులో పట్టుకున్న విషయం మాత్రం చాలా నిజం.

ఎందుకంటే ఆ తర్వాత నాలుగేళ్లకి అచ్చం అలాగే జరిగింది. 1963లో వచ్చిన కామిక్‌లో ఐరన్ మ్యాన్ వియత్నాంలో శత్రువులకి చిక్కుతాడు. అప్పట్లో అమెరికాకి శత్రువులు వాళ్లు. 2008 సినిమాకి వచ్చేసరికి అదే సీన్ అఫ్ఘానిస్తాన్‌కి మారిపోయింది. గుహ, గడ్డాలు, తుపాకులు. హీరో ప్రాణం కాపాడిన డాక్టర్ యిన్సెన్ కూడా అక్కడివాడే, అది కూడా చెప్పుకోవాలి. కానీ సినిమా చూసి బయటికొచ్చిన మన పిల్లాడికి గుర్తుండేది డాక్టరా, గుహా? హాలీవుడ్‌లో కామిక్‌ని సినిమాగా మార్చేటప్పుడు డ్రెస్సు మారుతుంది, పవర్స్ మారతాయి. అన్నిటికన్నా తేలిగ్గా మారేది విలన్ మతం, విలన్ దేశం. ఆ సంవత్సరం వార్తల్లో ఎవరుంటే వాళ్లే. హామిల్ ఆ సంగతి మీద ముందే జోక్ వేశాడు.

అభిమానుల పట్టుదల అంతా పిచ్చే అని కొట్టేయకూడదు. కమలా ఖాన్ సంగతి చూడండి. పాకిస్తానీ మూలాలున్న, న్యూ జెర్సీలో ఉండే ముస్లిం అమ్మాయి. 2014లో మిస్ మార్వెల్‌గా ఆమెకి సొంత కామిక్ మొదలైంది. రాసింది జి. విల్లో విల్సన్, ఎడిటర్ సనా అమానత్, ఇద్దరూ ముస్లిం మహిళలే. మొదటి సంపుటికి 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. కమలా స్వయంగా సూపర్ హీరోల ఫ్యాన్, వాళ్ల మీద కథలు రాసుకునే పిల్ల. 2022లో ఇమాన్ వెల్లానీతో సిరీస్ వచ్చినప్పుడు కామిక్‌లో ఉన్న పవర్ మార్చేశారు. పుస్తకంలో ఆమె చేతులు, ఒళ్లు సాగుతాయి, పెరుగుతాయి. సిరీస్‌లో చేతికి ఒక కంకణం, దాంతో వెలుగు. ఫ్యాన్స్ గొడవ చేశారు. నాకు ఆ గొడవ సబబే అనిపించింది. మొదటి పుస్తకంలో ఆమె తనకి తెలియకుండానే తెల్ల అమ్మాయి రూపంలోకి మారిపోయి, ఆ రూపం తనది కాదని తెలుసుకుంటుంది. ఆ కథకి ప్రాణం ఆ పవరే. అయినా సిరీస్‌లో మసీదు, నికా, దేశ విభజన నాటి రైలు, ఇవన్నీ ఎగతాళి లేకుండా చూపించారు కాబట్టి ఇంట్లో ఆడపిల్లలకి చూపించవచ్చు.

కామర్స్ చదివినవాడిని కాబట్టి లెక్క ఒకటి చెప్పకుండా ఉండలేను. సూపర్‌మ్యాన్‌ని పుట్టించింది జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు, వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. 1938లో హక్కులన్నీ కలిపి 130 డాలర్లకి అమ్మేశారు. తర్వాత కంపెనీ ఎంత సంపాదించిందో చెప్పనక్కర్లేదు. వీళ్లిద్దరూ ముసలితనంలో ఇబ్బంది పడి, పేపర్లకెక్కి అడిగితే, 1975లో ఏడాదికి 20 వేల డాలర్ల పెన్షన్, పేరు వేసే హక్కు ఇచ్చారు. ‘కామిక్ బుక్: ది మూవీ’లో కూడా హీరోని సృష్టించినాయన మనవడు ఒక పాత్ర. సంతకం పెట్టే ముందు కాగితం చదవాలి అని మా సార్లు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ చెప్పి ఉంటే ఇంకా బాగా ఎక్కేది.

మరి మన తెలుగులో? మనం హాలీవుడ్‌ని అడగలేదు, తీసేసుకున్నాం. క్రిస్టఫర్ రీవ్ ‘సూపర్‌మ్యాన్’ 1978లో వస్తే, 1980లో ఎన్టీ రామారావు గారు తెలుగు ‘సూపర్‌మ్యాన్’ వేసేశారు. ఇప్పుడు మన జిల్లాకి పేరున్న ఆయనే. డైరెక్టర్ వి. మధుసూదనరావు. అమెరికా సూపర్‌మ్యాన్‌కి శక్తి వేరే గ్రహం నుంచి వస్తే, మన సూపర్‌మ్యాన్‌కి ఆంజనేయస్వామి ఇచ్చాడు. అది జోక్‌గా తీసింది కాదు, సీరియస్‌గానే తీశారు. ఇవాళ చూసేవాళ్లు నవ్వుకుంటారు, అది వేరే సంగతి. జోక్ అని ముందే చెప్పి తీసింది 2014లో వచ్చిన ‘హృదయ కాలేయం’. సంపూర్ణేష్ బాబు పోస్టర్ చూసి మొదట జనం ఇది నిజమా, ఎగతాళా అని తికమకపడ్డారు. రాజమౌళి ట్వీట్ చేశాక అందరికీ తెలిసింది. మన హీరోయిజం మీద మనమే నవ్వుకున్న సినిమా అది. ఉర్దూ వైపు చూస్తే హైదరాబాద్ వాళ్ల ‘ది అంగ్రేజ్’ 2005లో వచ్చింది, పాతబస్తీ బాతాఖానీని కెమెరా ముందు పెట్టి నవ్వించింది. కానీ కామిక్స్ మీద అచ్చమైన మాక్యుమెంటరీ తెలుగులో నాకైతే గుర్తు రావడం లేదు. మనకి కామిక్స్ ఫ్యాన్స్ లేక కాదు. చందమామ కోసం పోస్ట్‌మ్యాన్ దారి చూసిన తరం ఉంది, రానా తెలుగులో థానోస్‌కి గొంతిచ్చాడని థియేటర్‌లో ఈలలేసిన తరం ఉంది.

ఇప్పుడు నానీ ప్రశ్నకి వద్దాం. మాలేగావ్ మహారాష్ట్రలో నాసిక్ జిల్లా ఊరు. పవర్‌లూమ్‌ల ఊరు, ఎక్కువమంది ముస్లింలు. శుక్రవారం మగ్గాలకి సెలవు, ఆ రోజు సినిమా హాళ్లు కిటకిట. వీడియో పార్లర్ నడుపుకునే నాసిర్ షేక్ 2000లో స్నేహితుల్ని పోగేసి ‘మాలేగావ్ కే షోలే’ తీశాడు. గుర్రాల బదులు సైకిళ్లు. ఊరు ఊరంతా చూసింది. తర్వాత సూపర్‌మ్యాన్ మీద పడ్డాడు. హీరోగా మగ్గం పనివాడు షఫీక్ షేక్, సన్నగా గాలేస్తే పడిపోయేలా ఉంటాడు. క్రేన్ అంటే ఎడ్లబండి, ట్రాలీ అంటే సైకిల్, ఆకాశంలో ఎగరడానికి వెనక పచ్చ గుడ్డ. ఊళ్లో ఆడవాళ్లు వేషం వేయరు కాబట్టి బయటి ఊళ్ల నుంచి నటీమణులు. ఇది విని మనం ముక్కున వేలేసుకోనక్కర్లేదు. మన మైలవరం జమీందారు నాటక సమాజం పోషించిన కాలంలో తెలుగు స్టేజీ మీద ఆడవేషాలు మగవాళ్లే కట్టేవాళ్లు.

ఈ సూపర్‌మ్యాన్ తీస్తుండగా ఫైజా అహ్మద్ ఖాన్ అనే దర్శకురాలు వెంట ఉండి తీసిన డాక్యుమెంటరీ ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్’, 2008 నాటిది. 2012లో థియేటర్లకి కూడా వచ్చింది. అందులో కల్పితం ఏమీ లేదు. కానీ మొదటిసారి చూస్తే మాక్యుమెంటరీ అనే అనుకుంటాం, అంత నవ్వొస్తుంది. లేని కమాండర్ కరేజ్ నిజంలా కనిపిస్తాడు, ఉన్న షఫీక్ కల్పించినట్టు కనిపిస్తాడు. మా పిల్లలు చూస్తున్నది మూడోది, రీమా కాగ్తీ తీసి 2025 ఫిబ్రవరి 28న విడుదలైన మామూలు సినిమా. నిజం మనుషుల కథే, నటీనటులు వేరు. నాసిర్‌గా వేసిన ఆదర్శ్ గౌరవ్ తెలుగు కుటుంబం పిల్లాడు, ఇంటిపేరు భాగవతుల.

మాలేగావ్ అంటే దేశంలో చాలామందికి సినిమా గుర్తు రాదు. 2006 సెప్టెంబర్ 8, షబె బరాత్ రోజు, శుక్రవారం, మసీదు, ఖబరస్తాన్ దగ్గర బాంబులు పేలి 30 మందికి పైగా చనిపోయారు. ఆ కేసులో అరెస్టయిన ముస్లిం యువకుల్ని పదేళ్ల తర్వాత, 2016లో కోర్టు కేసు నుంచి తప్పించింది. పదేళ్లు వాళ్ల గురించి టీవీలో నడిచిన కథని జనం నమ్మారు. ఆ కథ కింద ‘ఇది కల్పితం’ అని ఎవరూ వేయలేదు. అదే ఊళ్లో, అదే సంవత్సరాల్లో, ఒక సన్నటి మనిషి నీలం డ్రెస్సు వేసుకుని ఎడ్లబండి మీద ఎగురుతున్నాడు.

ఇక ఫోన్ సంగతి. ఇప్పుడు ఫేస్‌బుక్, యూట్యూబ్‌లో స్క్రిప్టెడ్ వీడియోలని వస్తున్నాయి. బుర్ఖా వేసుకున్న మనిషి ఏదో తప్పు చేస్తూ పట్టుబడినట్టు, టోపీ పెట్టుకున్నాయన పిల్లని ఎత్తుకెళ్తున్నట్టు. నటులతో తీసినవే. చివర్లోనో, కింద రాతలోనో ‘అవగాహన కోసం’ అని ఒక లైన్ ఉంటుంది. ఎవడో ఆ లైన్ కత్తిరించి, ‘చూడండి వీళ్ల పని’ అని వాట్సాప్‌లో తిప్పుతాడు. ఇలాంటివి ఆల్ట్ న్యూస్, బూమ్, హైదరాబాద్ నుంచి తెలుగులో కూడా రాసే ఫ్యాక్ట్‌లీ వాళ్లు ఎన్నోసార్లు బయటపెట్టారు. మాక్యుమెంటరీకి, దీనికి టెక్నిక్ ఒక్కటే. వణికే కెమెరా, సహజంగా మాట్లాడే మనుషులు. తేడా ఒక్కటే. మాక్యుమెంటరీ తీసినవాడికి మనం అబద్ధమని కనిపెడితేనే లాభం, అప్పుడే నవ్వుతాం. ఈ వీడియో తిప్పేవాడికి మనం కనిపెడితే నష్టం. స్పగెట్టీ చెట్టు గుర్తుంది కదా, మనల్ని ఎప్పుడూ దగ్గర్నుంచి చూడని పక్క వీధి మనిషి అది నమ్మేస్తాడు. మనం కూడా వేరేవాళ్ల మీద వచ్చిన వీడియోలు అలాగే నమ్మి ముందుకి పంపిస్తున్నాం, అది కూడా ఒప్పుకోవాలి.

అనుమానం వస్తే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. సరిగ్గా గొడవ మొదలయ్యేసరికే కెమెరా అక్కడ ఎలా ఉంది? దొంగగా తీస్తున్న వీడియోలో ఒకే మాట మూడు వైపుల నుంచి ఎలా కనిపిస్తుంది? అవే ముఖాలు వేరే వీడియోలో వేరే పేర్లతో ఉన్నాయా? ఒక ఫ్రేమ్ ఫోటో తీసి గూగుల్ ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే చాలాసార్లు అసలు వీడియో, దాని కింద కత్తిరించిన ఆ లైన్ దొరుకుతాయి.

నానీకి ఇదంతా చెప్పాక ఆమె అడిగింది ఒక్కటే, ‘ఆ సన్నటి పిల్లాడు ఇప్పుడేం చేస్తున్నాడు?’ షఫీక్ క్యాన్సర్‌తో చిన్న వయసులోనే చనిపోయాడని చెప్పాను. ఇన్నాలిల్లాహి అంది. కాసేపాగి, అయితే నటులు వేసింది కాదు, ఆ పిల్లాడు నిజంగా ఉన్నది పెట్టమంది.