గండికోట జానపద కళోత్సవం: ఎక్కడ ప్రారంభించాలి?

ఉత్సవమనగానే వేదిక, దీపాలు, జనం మన కళ్ళకు కడతాయి. ఉత్సవం ముగిసిన మర్నాడు ఆ పాట ఎవరి నోట నిలుస్తుందన్న ప్రశ్న మాత్రం తోచదు.

జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరాన, పెన్నానది ఎర్రమల కొండలను చీల్చుకొని పారేచోట గండికోట ఉన్నది. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ దుర్గాన్ని 17వ శతాబ్దపు నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశపరచుకొన్నాడు. జామియా మసీదూ మాధవరాయస్వామి ఆలయమూ నేటికీ ఒకే ప్రాకారంలో నిలిచి ఉన్నవి. ఇక్కడ ప్రభుత్వం గండికోట ఉత్సవాలను నిర్వహించింది. 2020 జనవరిలో అవి రెండు రోజులపాటు జరిగినవి. కోట పేరు నలుగురికీ తెలియటానికి అవి తోడ్పడినవి. అయితే రెండు రోజుల ఉత్సవం కళను చూపగలదే గాని నేర్పజాలదు.

ఈ సందర్భంలో ఐర్లండు దేశపు అనుభవం గమనింపదగినది. అక్కడి సంప్రదాయ సంగీతం ఆదరణ కోల్పోతున్న కాలంలో, 1951లో, కొందరు వాద్యకారులు మల్లింగర్ అనే చిన్న పట్టణంలో కూడి ఒక సంఘాన్ని స్థాపించి, అదే సంవత్సరం ఉత్సవం జరిపారు. తొలి ఏడు వచ్చినవారు కొద్దిమందే. నేడు దానికి లక్షల మంది వస్తారు. దీని రహస్యం వేదికలో లేదు. ఊరూరా సంఘపు శాఖలు పిల్లలకు ఏడాది పొడవునా నేర్పుతవి. వయస్సును బట్టి పోటీలు జరుగుతవి. జిల్లాలో ముందు నిలిచినవారు పై స్థాయికి వెళ్తారు. ఉత్సవం ఆ చదువుకు పరీక్ష వంటిది.

మనకు కళాసంపద కొరవడలేదు. చెక్కభజన, కోలాటం, పండరిభజన మన పల్లెల్లో ఉన్నవి. పీర్ల పండుగనాడు గుండం చుట్టూ హిందువులూ ముస్లిములూ కలిసి అడుగు వేస్తారు. కాని మా తరగతిలో అడిగినప్పుడు, తమ తాతలు చెక్కభజన చేసేవారన్న విద్యార్థులు పలువురు. తాము చెక్కలు పట్టామన్నవారు ఒక్కరూ లేరు. గురువులు వృద్ధులవుతున్నారు. వారి అడుగులు పుస్తకంలో లేవు.

కనుక ఉత్సవానికి ముందు శిక్షణ ప్రారంభం కావాలి. మొదట చుట్టుపట్ల గ్రామాల బృందాలను, గురువులను విద్యార్థులే వెళ్ళి విచారించి పట్టిక వ్రాయాలి. రెండవది, వారిలో ఒక గురువును వారానికొకసారి కళాశాలకు పిలిపించి, తగిన పారితోషికమిచ్చి నేర్చుకోవాలి. మూడవది తేదీ. శ్రీరామనవమికి, మొహర్రానికి బృందాలు తమ ఊళ్ళోనే ఉండాలి; హిజ్రీ సంవత్సరం ఏటా సుమారు 11 రోజులు వెనుకకు జరుగుతుంది గనుక ఏ ఏటికాయేడు లెక్క చూడాలి. నాలుగవది స్థలం. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నందున అనుమతి అవసరం. తొలి ఏడు కళాశాల ఆవరణే చాలు. ఖర్చులో కళాకారుల ప్రయాణానికి, భోజనానికి మొదటి వాటా ఇవ్వాలి, అలంకరణ చివరిది.

కళాశాల సంఘంవారిని మేము కోరేది పెద్ద నిధి కాదు. వారానికి ఒక సాయంత్రం, ఒక గురువుకు గౌరవస్థానం. నేర్చినవారు ఇరవైమంది ఉంటే గండికోటలో ఉత్సవం తానే జరుగుతుంది. వారు లేనినాడు ఎంత పెద్ద వేదిక కట్టినా అది ఖాళీయే.