గుట్టలను కమ్ముకొంటున్న పులికంప

బల్కంపేట ఎల్లమ్మ గుడి నుంచి నైరుతి వైపు నాలుగైదు కిలోమీటర్లు పోతే బంజారా, జూబ్లీ గుట్టలు వస్తాయి. మోదుగ, తంగేడు, రేగు, బలుసు పెరిగిన రాతి గుట్టలివి. మేడలకు పోగా మిగిలిన అడవిలో 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు ఒకటి. అది సుమారు 390 ఎకరాలు. ఇక్కడి గుట్టల్లోనూ, దూరాన నల్లమలలోనూ ఒకే మొక్క పొదలు పొదలుగా అల్లుకొంటోంది. శాస్త్రజ్ఞులు దానిని లంటానా అంటారు. పులికంప, తలంబ్రాల చెట్టు అని మనవారి పేర్లు.

అందానికి తెచ్చిన అనర్థం

దీని పుట్టిల్లు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. పసుపు, ఎరుపు కలిసిన పూల గుత్తులకు ముచ్చటపడి 1809 ప్రాంతంలో తెల్లదొరలు కలకత్తా బొటానికల్ తోటలో నాటించారు. అక్కడి నుంచి కంచెలకు, కంచెల నుంచి అడవులకు పాకింది. గోరింకలు, పికిలిపిట్టలు దీని నల్లని పండ్లు తిని గింజలను గుట్టగుట్టకూ చేరవేస్తాయి. దేశంలో పులులు తిరిగే అడవుల్లో లక్షా 54 వేల చదరపు కిలోమీటర్ల మేర ఇది చొరబడిందని డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు 2020లో లెక్కగట్టారు.

పరాయి మొక్కలన్నీ చెడ్డవి కావు. సీతాఫలమూ అమెరికా నుంచి వచ్చినదే, గుట్టల మీద బతికి పేదవాడికి పండు పెడుతోంది. పులికంప తీరు వేరు. దాని చిక్కటి నీడలో గడ్డి చస్తుంది. రాలిన ఆకుల నుంచి, వేళ్ల నుంచి దిగే రసాలు ఇతర గింజలను మొలవనీయవు. పెద్ద చెట్లు నిలిచే ఉంటాయి కనుక దూరానికి అడవి పచ్చగానే కనబడుతుంది. కిందికి వంగి చూస్తే మోదుగ పిల్ల, తునికి పిల్ల కానరావు. ముసలి చెట్టు కూలిన నాడు దాని చోట నిలిచే వారసుడు ఉండడు. వేసవిలో ఎండు కంపకు నిప్పంటితే మంట కొమ్మలకెక్కుతుంది. ఆ కాలిన నేలలో ముందుగా చిగిర్చేది మళ్లీ పులికంపే.

గడ్డి పోతే నష్టం పశువులదే. మేత దొరకని కరువు రోజుల్లో ఈ ఆకు మేసిన పశువుకు కాలేయం చెడి కామెర్లు వస్తాయి, ఎండ తగిలిన చోట చర్మం పగులుతుంది. అలాంటి పశువును వెంటనే నీడకు చేర్చి పశువైద్యునికి చూపాలి.

నరికితే చావదు

గొడ్డలితో పైపైన కొడితే మొదలు నుంచి పది పిలకలు లేస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు సి.ఆర్.బాబు బృందం చెప్పిన పద్ధతి వేరు. మొదలు చుట్టూ మట్టి తీసి, నేల మట్టానికి రెండంగుళాల కింద తల్లివేరును తెగగొట్టాలి. పెరికిన పొదను మళ్లీ వేరూనకుండా తలకిందులుగా పెట్టాలి. పండ్లు పట్టక ముందే ఈ పని కావాలి. ఆపైన మొలిచే పిల్లలను రెండు మూడేళ్లు వరుసగా పీకాలి. ఖాళీ చేసిన చోట వెంటనే స్థానిక గడ్డి గింజలు చల్లకపోతే, తొలకరికి పులికంపే ముందు లేస్తుంది.